మోతి ఆగిన చోటు

చక్కెర ఫ్యాక్టరీ మూతబడిన మరుసటి సంవత్సరం ఆషాఢంలో నన్ను మోర్తాడ్ నుంచి బోధన్‌కు బదిలీ చేశారు. మోర్తాడ్‌లో నేను వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌ను, అంటే మండలంలోని పశువులకు ప్రభుత్వ డాక్టరును. బోధన్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌ను. మా శాఖలో ఆ హోదాను ‘ఏడీ’ అని రెండక్షరాల్లో తేల్చేస్తారు. ఏడీ అయినంత మాత్రాన సూది పట్టడం మానక్కర్లేదు. చుట్టుపక్కల మండలాల డాక్టర్లు తేల్చలేని కేసులు ఏడీ ఆవరణలోకి వస్తాయి. తగవు ముడిపడిన కేసులైతే తప్పకుండా వస్తాయి.

ఆ నేల నాకు కొత్త. మోర్తాడ్ వైపు పసుపు, మొక్కజొన్న. ఇటు మంజీర వైపు నల్లరేగడి, చెరుకు. ఫ్యాక్టరీ ఆగిపోయాక చాలామంది చెరుకు తీసేసి వరికీ సోయాకూ మళ్లుతున్నారు. దాంతో చెరుకు బండ్లు లాగిన ఎడ్లు అమ్మకానికి వచ్చాయి. నేను చేరిన కొత్తలో ఆవరణలోకి వచ్చిన తగవులన్నీ ఆ అమ్మకాలవే. ఎడ్లు కొనేవాడు బేరం కుదిరాక కూడా జతను ఇంటికి తోలుకుపోయి, బరువు బండికి కట్టి, ఎలా లాగుతున్నాయో కొన్నాళ్లు చూసుకుంటాడు. నచ్చితే ఉంచుకుంటాడు, నచ్చకపోతే తిరిగి ఇచ్చేస్తాడు. దీన్ని ఇప్పుడు అందరూ ‘ట్రయల్’ అనే అంటున్నారు.

ఎడ్లకు సరిపోయిన ఈ పద్ధతి గుర్రానికి సరిపోదు. ఎద్దుకు కాడి అలవాటు. ఎవరు తోలినా కాడి కాడే. గుర్రానికి మనిషి అలవాటు. చెయ్యి మారితే దానికి లోకం మారినట్టే. దాణా మారినా ముప్పే. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు, అందుకే కడుపునొప్పి వస్తే అది ప్రాణం మీదికి వస్తుంది. కళ్ళెం మారితే నోరు తెగుతుంది. అన్నింటికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. ట్రయల్‌లో ఉన్న గుర్రం ఎవరిదీ కాదు. అమ్మినవాడు ఇచ్చేశాననుకుంటాడు, తీసుకున్నవాడు ఇంకా నాది కాలేదనుకుంటాడు. దెబ్బ తగిలితే ఇద్దరూ పక్కవాడి ముఖం చూస్తారు.

నా ఉద్యోగమంతా బర్రెలు, మేకలు, గొర్రెలతోనే గడిచింది. గుర్రాలంటే నిజామాబాద్ పట్టణంలో పెళ్లి ఊరేగింపులకు తిప్పేవి కొన్ని, ఎండాకాలంలో మహారాష్ట్ర నుంచి గొర్రెల మందలతో పాటు సామాను మోసుకుంటూ నది దాటి వచ్చే పొట్టి గుర్రాలు కొన్ని. వాటిని చూసినప్పుడల్లా కాలేజీ పుస్తకం మళ్లీ తిరగేయాల్సి వచ్చేది. అలాంటి నా దగ్గరికి శ్రావణంలో ఒక ఉదయం తెల్ల గుర్రం ఒకటి వచ్చింది.

తెచ్చినవాడి పేరు రాజన్న. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు సీజన్ కూలీగా పనిచేసి, అది మూతబడ్డాక నలుగురు మిత్రులతో బ్యాండ్ పెట్టుకున్న మనిషి. ఈ రోజుల్లో బ్యాండ్ ఒక్కటే చాలదు, గుర్రం కూడా ఉంటేనే పెళ్లి బారాత్‌కు పిలుస్తారని అతనికి అర్థమైంది. నిజామాబాద్‌లో అమ్మకానికున్న ఒక ఆడగుర్రాన్ని చూసి, కొంత సొమ్ము బయానాగా ఇచ్చి, ట్రయల్‌కు తోలుకొచ్చాడు. దాని పేరు మోతి. ముత్యం అన్నమాట. పేరుకు తగ్గట్టే తెలుపు, చెవుల అంచుల్లో మాత్రం కొంచెం బూడిద రంగు.

రాజన్న తాడు పట్టుకుని ఆవరణలోకి వస్తుండగానే నాకు దాని నోరు కనబడింది. కళ్ళెం రాసుకుని పెదవి మూల చీలి ఉంది. వీపు మీద, తొడల మీద కర్ర దెబ్బలు ఉబ్బి తేలాయి.

“మేడం, గీ గుర్రం ఖరాబున్నదని ఒక సర్టిఫికెట్ రాసియ్యుండ్రి,” అన్నాడు రాజన్న. “నిన్న పొద్దుమూకినంక మా ఊర్ల బారాత్. పెండ్లికొడుకును ఎక్కిచ్చుకొని మంచిగనే నడిచింది. గల్లీ నడిమిట్లకు వచ్చినంక నిలవడ్డది. ఇగ అడుగు ముందటికి వెయ్యలె. గుంజినం, కొట్టినం. ఊహూఁ. పెండ్లికొడుకు దిగి నడిచి పోయిండు. నా ఇజ్జత్ పోయింది మేడం.”

గుర్రం ఎదురు తిరిగిందా, పెళ్లికొడుకును కింద పడేసిందా అని అడిగాను.

“లేదు. గదే పరేషాన్. కొడుతుంటె తిన్నది. కాల్లు లేపలె, కరవలె. రాయి లెక్క నిలవడ్డది.”

అతను చెప్పింది నాకు వింతగా తోచింది. మొండి గుర్రాన్ని కొడితే అది వెనక్కి తంతుంది, లేదా ముందు కాళ్లెత్తి నిలబడుతుంది. వీపు మీద మనిషిని పెట్టుకుని అన్ని దెబ్బలు కదలకుండా తిన్న గుర్రం గురించి నేను చదివిందీ లేదు, విన్నదీ లేదు.

మేం మాట్లాడుతుండగానే నిజామాబాద్ బస్సు దిగి ఒకావిడ వచ్చింది. రాజన్న ఉదయమే ఫోన్ చేసి, గుర్రం వాపసు తీసుకొమ్మని చెప్పాడట. ఆవిడ పేరు గంగామణి. బీడీలు చుట్టి చుట్టి వేళ్ల చివర్లు గట్టిపడిన మనిషి. మోతిని పెంచింది ఆవిడ భర్త సాయిలు. ఆవిడ మామ కాలంలో రైల్వే స్టేషన్ దగ్గర టాంగా ఉండేది. ఆటోలు వచ్చి టాంగా పోయాక సాయిలు పెళ్లిళ్ల గుర్రం పెట్టుకున్నాడు. కిందటేడు అతనికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. తాడు పట్టే మనిషి లేక గుర్రం అమ్మకానికి వచ్చింది.

గంగామణి నేరుగా మోతి దగ్గరికి పోయి, దాని పెదవి మూలను రెండు వేళ్లతో విప్పి చూసింది. గుర్రం ఆవిడ భుజం మీద తల ఆనించింది. అప్పుడు వెనక్కి తిరిగింది.

“ఇదేం కళ్ళెం రాజన్నా? మేం తోలు పట్టె కళ్ళెం వేస్తం. ఇనుముది ఎవ్వలు వెయ్యమన్నరు నిన్ను?”

“ఇనుముది వేస్తనే నడుస్తలేదు గద అక్కా! పట్టెతోని నడుస్తదా? ముందుగాల్ల చెప్పాలె నువ్వు, మొరాయించే గుర్రమని. నుదుటి మీది సుడి మంచిది గాదని మావోల్లు చెప్తనే ఉండ్రి. నేనే ఇనలె.”

“మోతి పనికి వచ్చిన కాడికెల్లి ఎన్ని పెండ్లిళ్లు తిరిగిందో నిజామాబాద్ల అడుగు. ఒక్కనాడు మొరాయించలె. నువ్వే ఏమో చేసినవ్.”

గొంతులు పెరిగాయి. మా లైవ్‌స్టాక్ అసిస్టెంట్ పోశెట్టి ఇద్దరినీ చెరో బెంచీ మీద కూర్చోబెట్టాడు. ట్రయల్ గురించి వాళ్ల మధ్య కాగితం ఏదీ లేదు. ట్రయల్ అంటే ఇంటి దగ్గర నడిపించి చూసుకోవడమని గంగామణి అనుకుంది. బారాత్‌కు కట్టి చూడడమని రాజన్న అనుకున్నాడు. బారాత్ గుర్రాన్ని బారాత్‌లో కాక ఇంకెక్కడ చూస్తానని అతని ప్రశ్న. రెండు మాటల్లోనూ న్యాయం లేకపోలేదు.

నా పని తగవు తీర్చడం కాదు, పశువును చూడడం. గుర్రాన్ని పరీక్షించడానికి ఒక క్రమం ఉంది. ముందు నిలబెట్టి దూరం నుంచి చూడాలి, నాలుగు కాళ్ల మీద బరువు సమంగా వేస్తోందా అని. తర్వాత పళ్లు. వాటి అరుగుదల వయసు చెబుతుంది. తర్వాత చూపు, గుండె, ఊపిరి. గట్టి నేల మీద పరుగెత్తించి గుండెను మళ్లీ వినాలి. ఆఖరున డెక్కలు. పట్టకారు లాంటి పనిముట్టుతో డెక్క చుట్టూ నొక్కుతూ వస్తే, లోపల ఎక్కడైనా చీము గానీ మేకు గుచ్చుకున్న పుండు గానీ ఉంటే గుర్రం కాలు లాక్కుంటుంది. మోతి ఎక్కడా లాక్కోలేదు. నోటి చీలిక, కర్ర దెబ్బలు తప్ప ఆ శరీరంలో నాకు ఏ లోపమూ దొరకలేదు. గాయాలు కడిగి, మందు రాసి, ధనుర్వాతం రాకుండా సూది వేశాను.

మరి మొరాయించడం సంగతేమిటి? కరవడం, తన్నడం, మొరాయించడం లాంటి వాటిని గుర్రం దుర్గుణాలంటారు. రోగమైతే ఆస్పత్రిలో బయటపడుతుంది. దుర్గుణం పనిలోనే బయటపడుతుంది. కళ్లతో చూడని దుర్గుణాన్ని ధ్రువపరిచి నేను సంతకం పెట్టలేను. ఆ మాటే ఇద్దరికీ చెప్పాను. గుర్రం ఎక్కడ ఆగిందో అక్కడికే మళ్లీ నడిపించి చూద్దాం, నేనూ వస్తాను అన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎవరికి వారు తమ మాటే నిజమవుతుందన్న ధైర్యంతో ఒప్పుకున్నారు.

రాజన్న ఊరు బోధన్‌కు దగ్గరే, మంజీర ఒడ్డు వైపు. పేరు రాయను. మోతిని ట్రాలీ ఆటోలో ఎక్కించి తీసుకెళ్లారు. పోశెట్టి, నేను జీపులో వెళ్లాం. ముందురోజు కురిసిన వానకు దారి పొడవునా గుంతల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఊళ్లో ఆ రోజు పోచమ్మ బోనాలు. ఆడవాళ్లు వాకిళ్లలో కుండలకు సున్నం, పసుపు పూస్తున్నారు. డప్పులను మంట దగ్గర కాపుతున్నారు.

గల్లీ ఇరుకుది. ఒక పక్క ఇళ్ల అరుగులు, రెండో పక్క మురికి కాలువ. సగం దూరంలో కాలువ పక్కనే పాతకాలపు ఇనుప కరెంటు స్తంభం. పెళ్లివాళ్లు కట్టిన రంగు బల్బుల తీగలు ఇంకా దానికి వేలాడుతున్నాయి. కాలువ పొంగి ఆ చోట నేల చిత్తడిగా ఉంది. గుర్రం ఆగింది ఇక్కడేనని రాజన్న చూపించాడు.

గంగామణి ఇనుప కళ్ళెం తీయించి, తను తెచ్చుకున్న పట్టె కట్టింది. తాడు పట్టుకుని ముందు నడిచింది. చిత్తడి దగ్గరికి రాగానే మోతి ఆగింది. రాజన్న నా వైపు చూశాడు. గుర్రం తల దించి, ముక్కుపుటాలు విప్పి నేలను వాసన చూసింది. ఒక కాలు వేసింది. ఆగింది. తర్వాత మామూలుగా నడిచి దాటిపోయింది. గల్లీ చివరిదాకా పోయి, తిరిగి అదే దారిన వచ్చింది. రాజన్న మిత్రుడొకడిని వీపు మీద ఎక్కించి మళ్లీ నడిపించారు. అప్పుడూ దాటింది. డప్పు కొట్టించారు. దానికీ బెదరలేదు.

“సూసినవా? నా గుర్రం మంచిదే,” అంది గంగామణి.

“నువ్వు పట్టినవని నడిచింది. నీ చెయ్యి అమ్ముతున్నవా, గుర్రం అమ్ముతున్నవా?” అన్నాడు రాజన్న.

తాడు అతని చేతికే ఇప్పించాను. అతను తాడు పట్టి నడిపించినా మోతి దాటింది. అలాంటప్పుడు నిన్న ఎందుకు దాటలేదు? చుట్టూ చేరినవాళ్లలో ఒకరు ఆ స్తంభం దగ్గర దయ్యం గాలి ఉందన్నారు. ఇంకొకరు పెళ్లికొడుకు జాతకం బాగాలేదన్నారు. పరీక్షించినప్పుడు లోపం కనబడలేదని, పనిలో చూసినప్పుడు మొరాయించలేదని, చూసినది చూసినట్టు రాసివ్వడమే నేను చేయగలిగింది. రాజన్న వాళ్లింటి అరుగు మీద కూర్చుని అదే రాయబోయాను. చాయ్ తెచ్చారు. ఆ తర్వాత చిన్న జల్లు పడి వెలిసింది. ఆ లోపల పొద్దు వాలింది.

బోనాలు కదిలాయి. గల్లీ ఆ చివర నుంచి డప్పులు, వాటి వెనక తలల మీద కుండలు, కుండల మీద దీపాలు, వేపరెమ్మలు. ఆడవాళ్లందరూ చెప్పుల్లేకుండా నడుస్తున్నారు. వాళ్ల పాదాల ముందు బిందెలతో నీళ్లు పోస్తూ వస్తున్నారు. గుర్రాన్ని ఆటో ఎక్కించాలంటే మేం ఆ గల్లీ దాటి ఊరి మొదటికి పోవాలి. బోనాలు వచ్చేలోపే దాటిపోదామని గంగామణి తాడు పట్టి గబగబా నడిచింది. నేను వెనకాలే ఉన్నాను.

స్తంభం ఇంకా నాలుగు బారల దూరం ఉందనగా మోతి ఆగిపోయింది.

గంగామణి పిలిచింది. పట్టె లాగింది. మెడ మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. పొద్దున తన భుజాన తల ఆనించిన గుర్రం, ఇప్పుడు ఆవిడ మాట కూడా వినలేదు. వెనక్కి తిరగబోయింది. గల్లీ ఇరుకు కావడంతో సగం తిరిగి, దారికి అడ్డంగా నిలబడిపోయింది. అటు నుంచి బోనాలు స్తంభం వైపు వస్తున్నాయి.

“గుర్రాన్ని పక్కకు తియ్యుండ్రి! అమ్మోరి బోనం వస్తున్నది!” అని అరిచారు. రాజన్న గంగామణి వైపు తిరిగి, “గిప్పుడేమంటవ్ అక్కా? గిప్పుడు నీ చేతుల్నే ఉన్నది గద!” అన్నాడు. ఎవరో కర్ర ఎత్తారు. గంగామణి కర్రకూ గుర్రానికీ మధ్య నిలబడింది. ఆవిడ ముఖం తెల్లబోయింది. అన్నాళ్లు తన గుర్రం గురించి తను చెప్పింది అబద్ధమైపోతున్నదని ఆవిడకు తోచి ఉంటుంది.

నేను మోతి ముందు కాళ్లు చూశాను. స్తంభం వైపున్న కాలును అది పూర్తిగా నేల మీద మోపడం లేదు. మోపుతుంది, వెంటనే ఎత్తుతుంది. ఆ కాలి పై కండరం సన్నగా, ఆగకుండా అదురుతోంది. భయంతో వణికే గుర్రం ఒళ్లంతా వణుకుతుంది. ఇది ఒళ్లంతా కాదు. ఒక్క కాలు. అదీ తడి అంచున మోపిన కాలు.

వానాకాలంలో మా దగ్గరికి వచ్చే శవపరీక్షల్లో ఎక్కువ భాగం కరెంటు కేసులే. పొలంలో మోటారు దగ్గర, స్తంభం పక్కన తడి నేల మీద బర్రె చచ్చిపడి ఉంటుంది. పక్కనే నడిచిన మనిషికి కాలు జిల్లుమంటుంది, అంతే. దానికి కారణం ఉంది. తడి నేలలోకి కరెంటు దిగితే స్తంభానికి దగ్గర ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా ఉంటుంది. మనిషి రెండు కాళ్ల మధ్య ఎడం తక్కువ. పశువు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ఎడం ఎక్కువ. ఆ తేడా మేరకు కరెంటు దాని ఒంట్లోంచి, గుండె మీదుగా పోతుంది. పైగా గుర్రం కాళ్లకు ఇనుప నాడాలు.

తలెత్తి చూశాను. స్తంభం మీద వీధి దీపం వెలుగుతోంది. మధ్యాహ్నం మేం నడిపించినప్పుడు అది వెలగలేదు. నిన్న బారాత్ వేళ వెలిగింది.

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. “ఆగండి! ఎవ్వరూ ముందుకు రావద్దు! ఆ నీళ్లలో కాలు పెట్టకండి! కరెంటు ఉంది!” అని అరిచాను. డప్పులు వెంటనే ఆగలేదు. పోశెట్టి అరుగుల మీదుగా దూకుతూ అటు వైపు పరుగెత్తి, డప్పులవాళ్లను చేతులు చాచి ఆపాడు. పెద్ద బోనం ఎత్తుకున్న ముసలావిడ అందరికంటే ముందుంది. ఆవిడకూ స్తంభానికీ మధ్య మిగిలింది కొద్ది దూరమే. నీళ్ల బిందె పట్టుకున్న అమ్మాయి ఆగిపోయి నా వైపు చూసింది.

“ఏమాయె బిడ్డా?” అంది ముసలావిడ, తల మీది కుండను రెండు చేతులా పట్టుకుని.

రాజన్నకు నేను రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. వీధి దీపాల స్విచ్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉంటుంది. ఇళ్ల వెనక నుంచి అక్కడికి పరుగెత్తాడు. గల్లీలో బోనాల మీది దీపాలు, వాటి వెలుగులో ముఖాలు. వీధి దీపం ఆరిపోయింది.

మోతి కండరం అదరడం ఆగింది. అది నేను కళ్లారా చూశాను. ముక్కుతో గట్టిగా గాలి వదిలింది, తల దించింది. ఎత్తి పట్టిన కాలును నేల మీద నిండుగా మోపింది. గంగామణి తాడు వదిలేసి ఉంది. ఎవరూ లాగకుండానే, ఎవరూ పిలవకుండానే, ఆ గుర్రం తిన్నగా తిరిగి, చిత్తడిలోంచి నడిచి, స్తంభం పక్కగా దాటి, బోనాల ముందుకు పోయి నిలబడింది. ఆడవాళ్లు తమంతట తామే పక్కకు జరిగి దారి ఇచ్చారు.

నేను చాలా పశువులను చూశాను. చదువు వల్ల కొంత, అనుభవం వల్ల కొంత, అవి చేసే పనులకు కారణాలు చెప్పగలిగేదాన్ని. ఆ నిమిషంలో మాత్రం గోడకు చేరబడి నిలబడిపోయాను. కిందటి రోజు ఆ వీపు మీద ఒక మనిషి ఉన్నాడు. ముందు నేలలో కరెంటు దెబ్బ, వెనక కర్ర దెబ్బ. కర్ర దెబ్బే నయమని అది నిలబడింది. పెళ్లికొడుకును కిందికి విసిరి పారిపోయే దారి దానికి ఉంది. పారిపోలేదు. పశువు ‘ఎంచుకుంది’ అంటే శాస్త్రం ఒప్పుకోదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా దానికి తగిన ఇంకో మాట నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఎవరో ఫోన్ చేస్తే లైన్‌మన్ వచ్చాడు. బల్బుకు రెండు తీగలు కట్టిన టెస్ట్ ల్యాంపు అతని దగ్గర ఉంది. అందరినీ దూరంగా నిలబెట్టి, ఒక్కసారి దీపాల స్విచ్ వేయించి, ఒక తీగ స్తంభానికి, ఇంకో తీగ దూరంగా నేలలో పాతిన చువ్వకు తాకించాడు. బల్బు భగ్గున వెలిగింది. పెళ్లివాళ్లు రంగు బల్బులు కట్టినప్పుడు ఆ బరువుకు వీధి దీపం తీగ సాగి, ఇనుము అంచుకు రాసుకుని పైతొడుగు తెగిందని తేల్చాడు. నేల పొడిగా ఉంటే ఏమయ్యేదో గాని, వాన పడింది, కాలువ పొంగింది. బోనాలకు పోసే బిందెల నీళ్లు కూడా కలిస్తే ఏమయ్యేదని ఎవరూ అతన్ని అడగలేదు.

అప్పుడు సంగతులు ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. బారాత్‌లో చిందులేసిన యువకుల్లో ఇద్దరికి అక్కడ కాళ్లు జుమ్మన్నాయట. కల్లు ఎక్కువైందనుకున్నారు. చెప్పులున్నాయి కాబట్టి అంతటితో పోయింది. పొద్దున ఆ స్తంభం మొదట్లో ఒక కుక్క చచ్చి ఉంటే, బండి కింద పడిందనుకుని ఎవరో ఈడ్చి పారేశారట.

తీగ విప్పేసి, అటు వైపు కరెంటు పూర్తిగా ఆపాక బోనాలు కదిలాయి. కదిలేముందు పెద్ద బోనం ముసలావిడ కుండను మరొకరి చేతికిచ్చి, బిందె తీసుకుని మోతి దగ్గరికి వచ్చింది. నీళ్లలో పసుపు కలిపి దాని నాలుగు కాళ్లూ కడిగింది. నుదుటి మీద, అదే సుడి మీద, బొట్టు పెట్టింది.

“అమ్మోరే అడ్డం నిలవడ్డది బిడ్డా,” అంది నాతో.

నేను కాదనలేదు. కండరాల గురించి, నాడాల గురించి నాకు తెలిసింది చెప్పగలను. కాని అంత నొప్పిలోనూ ఆ జంతువు ఎలా అంత నిబ్బరంగా ఉండగలిగిందో ఆవిడ మాట కంటే బాగా నా మాట వివరించదు.

రాజన్న అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి లేచి గంగామణి దగ్గరికి వచ్చాడు. “అక్కా, కొట్టిన. నిన్న ఊకె నిలవడ్డదనుకొని కొట్టిన. పెండ్లికొడుకు మా మేనత్త కొడుకు. గది అడుగు వేస్తే వాడు…” అని ఆగిపోయాడు.

“నువ్వు కొట్టినవ్. నేను తాడు నీ చేతికిచ్చి ఇంట్ల కూసున్న,” అంది గంగామణి. “నోరు లేనిదాన్ని ఒక్కదాన్ని పంపిన. ఎంట రావాలె, రాలె. ఇద్దరం గలిసే చేసినం.”

“గుర్రం నాకియ్యి అక్కా. నువ్వు ఎట్ల చెప్తె గట్ల సూసుకుంట.”

గంగామణికి అమ్మక తప్పదని మా అందరికీ తెలుసు. ఇంటి దగ్గర మంచంలో మనిషి. గడ్డి కోసుకొచ్చేవాళ్లు లేరు. ఆవిడ మోతి మెడ మీది జూలు చిక్కు తీసింది.

“గుర్రం నీ ఇంట్ల ఉండి సూపిచ్చింది,” అంది ఆఖరుకు. “ఇగ నువ్వు మా ఇంట్ల ఉండి సూపియ్యి. మా ఆయన మంచంలకెల్లి సూస్తడు. ఆయన సరే అంటెనే తోలుకపో. లేకుంటె లేదు.”

ఆ రాత్రికి మోతి నిజామాబాద్ వెళ్లిపోయింది. మర్నాడు రాజన్న కూడా వెళ్లాడు. సాయిలుకు మాట సరిగా రాదు. మంచం వాకిట్లో వేయించుకుని, ఎడమ చేత్తో సైగలు చేస్తూ, తాడు ఎంత వదలాలో, ఎప్పుడు బిగించాలో, గుర్రం చెవులు ఎటు తిరిగితే ఏమిటో అతనికి నేర్పాడట. శ్రావణం దాటింది. కొన్నాళ్లకు నేను శాఖ సమావేశానికి నిజామాబాద్ వెళ్లినప్పుడు, దారి మళ్లించుకుని వాళ్లింటికి పోయాను. రాజన్న మోతిని నడిపిస్తున్నాడు. అది ఒకచోట ఆగింది. రాజన్న కూడా ఆగి, వంగి దాని ముందున్న నేలను చూశాడు. సాయిలు సగం ముఖంతో నవ్వాడు. ఆ వారమే అమ్మకం పూర్తయిందని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా నా దగ్గరికి వచ్చిన ట్రయల్ తగవుల్లో నేను ఒక పద్ధతి పాటించాను. గుర్రం వెంట దాన్ని ఎరిగిన మనిషి పోవాలి. పంపేముందు ఒకసారి, తిరిగి వచ్చాక ఒకసారి డాక్టరు చూడాలి. ట్రయల్ నడిచినన్నాళ్లు దాన్ని సంపాదనకు కట్టకూడదు. దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదో ముందే రాసుకోవాలి. మొరాయించిందని ఫిర్యాదు వస్తే పశువును ఆస్పత్రికి తెమ్మనడం మానేశాను. అది ఆగిన చోటికి, ఆగిన వేళకే నేను వెళ్లేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ కారణం దొరకలేదు. అయినా వెతకకుండా దుర్గుణమని ఒక్క కాగితం మీద కూడా రాయలేదు.